పోయిన సినిమాకి హౌస్‌ఫుల్ బోర్డు

రేపల్లె చిత్రభాను టాకీస్‌లో ఆడుతున్న సినిమా ప్రపంచంలో ఎక్కడా లేకపోయినా, నలభై ఏడో రోజు మ్యాట్నీకి కూడా టికెట్లు దొరకలేదు.

ఆ సినిమా పేరు ‘మూడో గ్లౌజు’. వందేళ్ళ కిందట అమెరికాలో ఆర్డెల్లా ప్రూయిట్ అనే నల్లజాతి ఆవిడ తీసిన నేరపరిశోధన మూకీ. కథ ఆవిడే రాసింది. కెమెరా ముందు ఆవిడే నిలబడింది. తెల్లవాళ్ళ హాళ్ళలో ఆడనివ్వకపోతే రీలు పెట్టెలు మోసుకుంటూ రైలెక్కి, ఊరూరా తనవాళ్ళ చర్చి హాళ్ళలో ఆవిడే ఆడించింది. ఆ తర్వాత రీళ్ళు ఏమయ్యాయో తెలియదు. ఇవాళ మిగిలిందల్లా ఒక పాత పేపర్లో నాలుగు లైన్ల ప్రకటన. మంగళవారం సాయంత్రం ఆట ఉంది, దొరికినవి మూడు గ్లౌజులు, హంతకుడికి చేతులు రెండే, తప్పక రండి అని.

పోయిన సినిమాలు ఆడించడం అప్పటికి మూడో ఏడు. ఉన్న సినిమాలతో ప్రభుత్వం విసిగిపోయింది. ఏది విడుదలైనా ఎవరో ఒకరి మనసు నొచ్చుకునేది, ఎవరో ఒకరు కోర్టుకెళ్ళేవారు, హాలు ముందు పోలీసు వ్యాను కాపలా ఉండాల్సి వచ్చేది. పోయిన సినిమాతో ఆ గొడవ లేదు. అందులో ఎవరి కులం పేరూ వినపడదు, ఎవరి దేవుడూ కనపడడు, హీరో పక్కన హీరోయిన్ మనవరాలిలా ఉందని ఎవరూ నవ్వరు. అందుకని పోయిన చిత్రాల శాఖ అని ఒకటి పెట్టి జిల్లాకో కార్యాలయం తెరిచారు. మొదట్లో పోయిన టాకీలు కూడా పంపించారు గానీ అవి ఆడలేదు. మాటలు వినపడటం లేదని బెంచీ క్లాసువాళ్ళు బెంచీలు విరగ్గొట్టారు. అందులో న్యాయం ఉంది. ఆ మీదట మూకీలే పంపాలని ఆదేశం వచ్చింది. మూకీలో మాటలు వినపడకపోవడం సహజం కాబట్టి ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఆటకి ఒక పద్ధతుంది. ఆపరేటరు ఖాళీ ప్రొజెక్టరు ఆడిస్తాడు. తెర మీద తెల్లటి వెలుతురు పడుతుంది. యాభై నిమిషాలయ్యాక ఇంటర్వెల్, సోడాలు, సమోసాలు, మళ్ళీ యాభై నిమిషాలు. ఈలలు వేయాల్సిన చోట జనం ఈలలు వేస్తారు, భయపడాల్సిన చోట పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. హంతకుడు పాలవాడని బెంచీవాళ్ళూ, బ్యాంకు మేనేజరని బాల్కనీవాళ్ళూ అనుకునేవారు. రెండూ నిజమే కాబట్టి తగువు రాలేదు.

ఆటో స్టాండువాళ్ళు ఆర్డెల్లా ప్రూయిట్ అభిమాన సంఘం పెట్టారు. ఆవిడ ఫొటో ఒక్కటీ దొరకలేదు. అంచేత ముప్పై అడుగుల ప్లైవుడ్ కటౌట్ కోయించి, దానికి సున్నం కొట్టి నిలబెట్టారు. పుట్టినరోజు ఎప్పుడో తెలియదు కాబట్టి ప్రకటనలో ఉన్న మంగళవారాన్నే పట్టుకుని వారం వారం చేసేవారు. పెద్ద నిచ్చెన వేసి కటౌట్‌కి పాలాభిషేకం చేసేవారు. తెల్ల కటౌట్ మీద తెల్ల పాలు కాబట్టి కిందనుంచి చూసేవాళ్ళకి ఏమీ తెలిసేది కాదు. అయినా ఒక్క చుక్క తక్కువ పోసిన రోజు లేదు.

ఇదంతా పెనుమూడి రత్నావళికి కళ్ళకి కట్టినట్టు కనపడేది. కనపడకుండా చేసుకునే వీల్లేదు, ఎందుకంటే ఆవిడ ఫొటో స్టూడియో టాకీస్‌కి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆవిడకి అరవై ఒక్కేళ్ళు. పాస్‌పోర్టుకీ, హాల్ టికెట్‌కీ, పెళ్ళి సంబంధాలకీ ఫొటోలు తీస్తుంది. కొంతకాలంగా ఆవిడకి కడుపులో మంట. డాక్టరు గ్యాస్ అని బిళ్ళలిచ్చాడు. బిళ్ళ వేసుకుంటే తగ్గేది, బయటికొచ్చి హౌస్‌ఫుల్ బోర్డు చూడగానే మళ్ళీ అందుకునేది.

కారణం, ఆవిడా సినిమా తీసింది. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట, తండ్రి స్టూడియో చూసుకుంటున్న రోజుల్లో, మద్రాసు నుంచి తెప్పించిన పాత కెమెరాతో. పేరు ‘తడవని గొడుగు’. నలభై ఎనిమిది నిమిషాలు. ఒక వానరోజు వడ్లమిల్లు గుమాస్తా హత్యకి గురవుతాడు, ఇంట్లో ఉన్న ఆరు గొడుగుల్లో అయిదు తడిసి ఉంటాయి, ఒకటి మాత్రం తడిసి ఉండదు. అది కూడా మూకీయే. శబ్దం పట్టడానికి గుంటూరు నుంచి వచ్చినాయన, ఆడపిల్ల చెబితే మైకు పట్టుకునే ఖర్మ తనకి లేదని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. అయితే మాటలే వద్దులెమ్మని రత్నావళి మూకీగానే తీసేసింది. బోర్డు స్కూల్లో ఒక్కసారి ఆడించింది. ముప్పై ఒక్కమంది వచ్చారు. సగంలో కరెంటు పోయింది, అది తిరిగొచ్చేసరికి తొమ్మిదిమంది మిగిలారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఎవరో ఒకరు అడుగుతారని రెండు రీళ్ళనీ రెండు రేకు డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలనీ ఒక ట్రంకుపెట్టెలో పెట్టి, ఏటా వేసవిలో తీసి గాలికి ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టేది. ఇంతవరకూ గీత పడలేదు.

ఆర్డెల్లా పడ్డ కష్టం తక్కువని రత్నావళి ఎప్పుడూ అనలేదు. రైల్లో వేరే పెట్టెలో కూర్చోబెట్టిన మనిషి, తను తీసిన బొమ్మ ఆడాల్సిన హాలు గుమ్మం తొక్కనివ్వని మనిషి. ఆ నాలుగు లైన్ల ప్రకటనని టాకీస్ గోడ మీద మొదటిసారి చదివినప్పుడు రత్నావళి కళ్ళు తుడుచుకుంది కూడా. అమెరికాలో తనకో అక్క ఉండేదన్నమాట అనుకుంది. ఆ అక్క సినిమా రెండో వారం కూడా నిండుగా ఆడేసరికి, అక్కాచెల్లెళ్ళ మధ్య ఉండేవన్నీ మొదలయ్యాయి.

మూడో వారం తప్పులు పట్టడానికని బాల్కనీ టికెట్ తీసుకుని వెళ్ళింది. ఫోకస్ ఎక్కడా పోలేదు. అతుకు ఎక్కడా కనపడలేదు. ఎవరూ అతిగా నటించలేదు. తన సినిమాలో పన్నెండో నిమిషాన కెమెరా స్టాండు కాలు జారి గోడలన్నీ ఊగుతాయి. ఆర్డెల్లా కెమెరా నూరు నిమిషాల్లో ఒక్కసారి కూడా ఊగలేదు. రత్నావళి ఆ పూట అన్నం తినలేదు.

ఆట వదిలాక ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ రోడ్డు దాటి స్టూడియోకి వచ్చేవాళ్ళు. ఇంత సినిమాని ఆనాడు ఒక్కళ్ళన్నా దాచలేదే, ఒక పెట్టెలో పెట్టి ఉంచితే ఏం పోయేది అని కుమిలిపోయేవాళ్ళు. స్టూడియోలో కుర్చీలు తక్కువ. అందుకని ఆ ట్రంకుపెట్టె మీద కూర్చుని కుమిలిపోయేవాళ్ళు. రత్నావళి వాళ్ళ గడ్డాలు కొంచెం పైకెత్తమని చెప్పి ఫొటోలు తీసేది.

ఒకరోజు టాకీస్ మేనేజరు చుండూరు పానకాలు దగ్గరికి వెళ్ళి, తన సినిమా ఒక్క ఆట వేయమని అడిగింది.

“వేద్దునమ్మా. కానీ మీ సినిమా ఉంది గదా,” అన్నాడు పానకాలు.

“ఉంది. చెక్కు చెదరకుండా ఉంది.”

“అక్కడే వచ్చింది చిక్కు. ఉంటే చూస్తారు. చూస్తే బాగుందనో, బాలేదనో అంటారు. ఎందుకొచ్చిన తంటా చెప్పండి. ప్రూయిట్టమ్మది చూడండి, నలభై ఏడు రోజులాయె, ఒక్కడు బాలేదనలా.”

“నాది కూడా బాగుంటది పానకాలూ. చూస్తే తెలుస్తది.”

“చూడకపోయినా బాగుండాలమ్మా. ఇప్పుడు నడిచేది అది.”

పానకాలు చెడ్డవాడు కాదు. జిల్లా కార్యాలయానికి వెళ్ళి దరఖాస్తు పెట్టుకోమని, పోయినట్టు సర్టిఫికెట్ తెచ్చుకుంటే తనే మొదటి ఆట వేస్తానని మాటిచ్చాడు. మర్నాడు రత్నావళి స్టూడియో మూసి, మంచి చీర కట్టుకుని బస్సెక్కింది.

పోయిన చిత్రాల శాఖ జిల్లా అధికారి పేరు అద్దేపల్లి మృత్యుంజయరావు. నెమ్మదైన మనిషి, వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించే రకం. ఏడో నంబరు ఫారం ఇచ్చి, ఎలా నింపాలో దగ్గరుండి చెప్పాడు. పేరూ, నిడివీ రాసిన తర్వాత ముఖ్యమైన గడి వస్తుంది. చిత్రం ఎలా పోయింది? దానికి నాలుగు జవాబులున్నాయి. కాలిపోయినది. మునిగిపోయినది. ఇంట్లోవాళ్ళు పాతసామాన్లవాడికి వేసినది. ఎవరూ అడగనందున పోయినది.

రత్నావళి కాలిపోయినది అన్నచోట పెన్ను పెట్టబోతే ఆయన ఆపాడు.

“అది మగవాళ్ళకమ్మా. కాలాలంటే ముందు ఒక గోడౌన్ ఉండాలి గదా. ఆడవాళ్ళవి మాకు ఎక్కువ మూడూ నాలుగుల్లో వస్తాయి.”

“ప్రూయిట్ గారిది ఎందులో?”

“నాలుగు,” అన్నాడు మృత్యుంజయరావు. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం లేచి కూర్చున్నాడు. “నిఖార్సయిన నాలుగు. అలాంటి ఫైలు చూడటమే అదృష్టం.”

రత్నావళి నాలుగుకే టిక్కు పెట్టింది. ఆవిడ దానికన్నా తక్కువకి ఒప్పుకునేలా లేదు.

అప్పుడాయన అసలు సంగతి, ఇప్పుడా ఫిల్ము ఎక్కడుందని అడిగాడు. ఆవిడ ట్రంకుపెట్టెని బస్సులోంచి దించి ఆటోలో వేసుకుని కూడా తెచ్చింది. ఆయన డబ్బా మూత తీసి, జానెడు ఫిల్ము లాగి కిటికీ వెలుతురుకి పట్టి, అందులో ఏదో బొమ్మ కనపడేసరికి గభాలున కళ్ళు మూసుకున్నాడు. చూస్తే ఆ ఫైలు మీద సంతకం చేసే అర్హత పోతుందని నిబంధన. కళ్ళు మూసుకునే మూత పెట్టి, మీ సినిమా ఉందమ్మా అని బాధపడుతూ చెప్పాడు. అయితే తగలబెట్టేస్తానంది రత్నావళి. ఆయన కంగారుపడ్డాడు. సొంతంగా తగలబెడితే వారసత్వ సంపదను నాశనం చేసినట్టు, జైలు కూడా ఉంది. చట్టప్రకారం పోగొట్టుకునే దారి ఒక్కటే. శాఖవారి భద్రతా గిడ్డంగిలో భద్రపరచమని అప్పగించాలి.

“అక్కడ పెట్టింది ఏదీ ఇంతవరకూ దొరకలేదమ్మా. ఆ విషయంలో మన జిల్లాకి మంచి పేరుంది,” అన్నాడు.

గిడ్డంగిలో ఒకతను డబ్బాలు తీసుకుని తోపుడుబండి మీద పెట్టాడు. రత్నావళి పైడబ్బా మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. అతను తొందరపెట్టలేదు, అందరూ అలాగే చేస్తారు. తర్వాత బండి లోపలికి తోసుకుపోయి రశీదు ఇచ్చాడు. ఆ రశీదుని పక్కగదిలో ఉన్న రశీదుల భద్రతా విభాగంలో అప్పగించాలన్నాడు. ఆవిడ అప్పగించింది. పదిహేడు రోజులకి ఇంటికి ఉత్తరం వచ్చింది. ‘తడవని గొడుగు’ అను చిత్రమును తమరు ఈ కార్యాలయమునకు అప్పగించినట్టు ఎక్కడా ఆధారము లేదు అని. రత్నావళి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. తన సినిమా గురించి ఒకరు ఉత్తరం రాయడం ముప్పై తొమ్మిదేళ్ళలో అదే మొదలు.

ఇక పంచనామా మిగిలింది. నాలుగో రకానికి అది తప్పనిసరి. మృత్యుంజయరావు స్వయంగా వచ్చి, స్టూడియో వీధిలో చాప వేయించి కూర్చున్నాడు. అటూ ఇటూ కలిపి పదహారు గడపలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అలాంటి సినిమా ఉన్నట్టు గానీ, దాన్ని ఫలానావారు తీసినట్టు గానీ తమకు తెలియదని సంతకం పెట్టాలి. ఒక్కరికి గుర్తున్నా ఫైలు వెనక్కి పోతుంది.

ఎవరికైనా గుర్తుండి పని చెడుతుందేమోనని రత్నావళి పొద్దున్నించీ హడలిపోయింది. అనవసరంగా హడలింది. సగంమంది ఆయన చదవడం పూర్తవకముందే సంతకం పెట్టి వెళ్ళారు. పక్కింటి వియ్యమ్మ గారి వంటింట్లోనే అయిదు సీన్లు తీశారు. ఆ రోజుల్లో ఆవిడే అందరికీ ఉప్మా చేసి పెట్టింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితమంతా చదివి, “సినిమా ఏందండీ, ఈ అమ్మాయి పాస్‌పోర్టు ఫొటోలు తీస్తది గదా,” అని సంతకం చేసింది. అబద్ధం చెప్పడం ఆవిడకి చాతకాదు. నిజంగానే గుర్తు లేదు. పని సాఫీగా జరుగుతున్నందుకు రత్నావళి సంతోషించాలి. మంట మాత్రం కడుపులోంచి గొంతులోకి వచ్చింది.

పదహారో సంతకం దగ్గర ఆగింది. టైలరు షేక్ మస్తాన్‌వలి పెట్టనన్నాడు.

మస్తాన్‌వలి ఆ సినిమాలో శవం వేషం వేశాడు. అంతకు ముందూ తర్వాతా ఆయన ఏ సినిమాలోనూ లేడు. ఎనిమిది రోజులు శవంగా పడుకున్నాడు. ఇప్పుడు అరవై ఆరేళ్ళొచ్చినా ఆ ఎనిమిది రోజులూ వరసగా చెప్పగలడు. రేపల్లెలో రత్నావళిని డైరెక్టరమ్మా అని పిలిచే మనిషి ఆయనొక్కడే. అది కూడా వెటకారానికి కాదు, ఎప్పుడో అలవాటై అలాగే ఉండిపోయింది. మృత్యుంజయరావు చాప మీద మరో టీ తెప్పించుకుని, మీరే మాట్లాడుకోండమ్మా అన్నాడు. రత్నావళి టైలరు కొట్టుకి వెళ్ళింది.

మస్తాన్‌వలి మిషను ఆపకుండానే తల ఊపాడు.

“కూసోండి డైరెక్టరమ్మా. మీరొచ్చింది దేనికో తెలుసు. నేను పెట్టను.”

“అందరూ పెట్టారు మస్తానూ.”

“ఆళ్ళు మర్చిపోయారు, పెట్టారు. నేను మర్చిపోలా. ఎట్టా పెడతా?” మిషను ఆగింది. “మీ నాయన గారు పూలచెట్లకి నీళ్ళు పోసే డబ్బాతో వాన కురిపిస్తన్నారు. నా మెడ మీద గండుచీమ కరిచింది. మీరు కట్ అనలా. నేను కదల్లా. నాలుగు నిమిషాలు. ఆ చీమ కూడా సినిమాలో పడింది, మీకు తెలుసా? నేను చూశా.”

రత్నావళికి తెలుసు. ఎడిటింగ్ బల్ల మీద ఆ చీమ కనపడ్డందుకే ఆ షాటు మొత్తం ఉంచింది.

“ముప్పై ఒక్కమంది చూశారు మస్తానూ. కరెంటు పోతే తొమ్మిదిమంది. నువ్వు సంతకం పెడితే రోజుకి నాలుగాటలు, ఆటకి ఆరొందలమంది.”

“ఆరొందలమంది ఏం చూస్తారు?”

“నా సినిమా చూస్తారు.”

“అది లేదు గదమ్మా.”

“అందుకే చూస్తారు,” అంది రత్నావళి.

మస్తాన్‌వలి చేతిలో ఉన్న చొక్కా కాలరుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“నేను చూశాగా డైరెక్టరమ్మా. ఇన్నేళ్ళూ నేను చూస్తానే ఉన్నా. నేనొక్కణ్ణి చూస్తే సాలదా?”

రోడ్డు మీద ఆటో స్టాండువాళ్ళు మంగళవారం పాలక్యాన్లు దించుతున్నారు. నిచ్చెన ఎక్కినవాడు ప్రూయిట్టమ్మకి జై అని అరిచాడు, కిందున్నవాళ్ళు అందుకున్నారు. రత్నావళి అటు చూసింది.

“చాలదు మస్తానూ,” అంది.

ఆయన దారం పంటితో తెంపి, లేచి, చెప్పులేసుకుని వచ్చి చాప ముందు వంగి సంతకం పెట్టాడు. మాట మీద నిలబడే మనిషి కాబట్టి పెట్టిన వెంటనే మర్చిపోయాడు. నిబంధన కూడా అదే, సంతకం పడ్డ క్షణం నుంచి అమలు. తలెత్తి రత్నావళిని చూసి, ఎవరింటికో వచ్చినవాడిలా కొంచెం మొహమాటంగా నవ్వి, “ఫొటోలమ్మా, మా మనవరాలికి హాల్ టికెట్ ఫొటో కావాల, రేపు పంపియ్యనా?” అన్నాడు. పంపించమంది.

ఆఖరి సంతకం దరఖాస్తుదారుది. దర్శకురాలెవరో తనకు తెలియదని, ఆమె ఆచూకీ గానీ ఫొటో గానీ తన దగ్గర లేవని రాసివ్వాలి. ఊళ్ళో ఫొటోలు తీసే మనిషి రాసిస్తే దానికి విలువెక్కువని మృత్యుంజయరావు మెచ్చుకున్నాడు. రత్నావళి పెన్ను తీసుకుని గుండ్రంగా సంతకం చేసింది. ఆయన ముద్ర కొట్టి, సర్టిఫికెట్ ఆవిడ చేతికి ఇవ్వకుండా కవరులో పెట్టి నేరుగా పానకాలుకి పంపించాడు. పోయినావిడ తరఫున తీసుకోవడానికి ఎవరూ లేరు కదా.

శుక్రవారం ‘తడవని గొడుగు’ విడుదలైంది. ‘మూడో గ్లౌజు’ని ఎత్తేశారు. అభిమాన సంఘంవాళ్ళు కొత్త కటౌట్ చేయించాలా అని మీటింగు పెట్టుకుని, అక్కర్లేదని తేల్చుకున్నారు. ఉన్నదే సరిగ్గా సరిపోయింది. కింద పేరు పలక మాత్రం మార్చారు. కొత్త పలక మీద పేరు రాయడానికి దర్శకురాలి పేరు ఎవరికీ తెలియదు కాబట్టి ‘ఎవరో మన రేపల్లె ఆడపడుచు’ అని రాయించారు. అది జనానికి బాగా పట్టింది. ఆర్డెల్లా పేరున్న పాత పలకని సోడాబండివాడు ఎండకి అడ్డం పెట్టుకున్నాడు.

మొదటి ఆటకే లైను బస్టాండు దాకా పోయింది. రత్నావళి స్టూడియో మూసి మ్యాట్నీ లైన్లో నిలబడింది. పానకాలు పక్కనుంచి వెళుతూ, లైను దాటొద్దమ్మా అని చెప్పి వెళ్ళాడు. ఎండలో గంటసేపు నిలబడితే బాల్కనీలో చివరి వరస దొరికింది.

దీపాలారాయి. తెల్లటి వెలుతురు తెర మీద పడింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

మొదటి నిమిషంలో రత్నావళి తను తీసిన మిల్లు గేటుని గుర్తు చేసుకుంది. తర్వాత వంటిల్లు గుర్తు చేసుకోబోయింది గానీ అప్పటికే ముందు వరసలో ఎవరో అమ్మో అన్నారు, అది వంటింటిని చూసి అనే మాట కాదు. ఆ సినిమాలో అప్పుడేం జరుగుతోందో ఆవిడకి తెలియలేదు. తన దగ్గరున్నవి ఆరు గొడుగులు. ఈ సినిమా తీసినావిడ వీధి నిండా గొడుగులు పెట్టినట్టుంది, పక్కన కూర్చున్న ఆడమనిషి వాటిని వేలితో లెక్కపెట్టుకుంటోంది. పన్నెండో నిమిషం వచ్చింది. రత్నావళి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. గోడలు ఊగలేదు. ఈవిడెవరో గానీ స్టాండు గట్టిగా బిగించింది.

ఇంటర్వెల్లో సోడాల దగ్గర మస్తాన్‌వలి కళ్ళు తుడుచుకుంటూ కనపడ్డాడు.

“ఆ శవం వేసినోడు ఎవరో గానీ ఫొటోలమ్మా,” అన్నాడు, “అంతసేపు కదలకుండా పడుకోటం మాటలా? మన వల్ల అయితదా?”

“కాదు,” అంది రత్నావళి.

“ఆ తీసినావిడ మన ఊరి మనిషంట. ఈ వీధుల్లోనే తిరిగి ఉంటది. ఎవరూ పట్టించుకోలా. బతికుంటే దండం పెట్టుకునేవాణ్ణి.”

ఎవరూ పట్టించుకోకుండా పోవడంలో కూడా ఆవిడ ఎంత బాగా పోయింది అనుకుంది రత్నావళి. రెండో సగమంతా మంటగానే ఉంది. ఆ మనిషి కెమెరా ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి. ఏది ఎంతసేపు చూపించాలో తెలిసిన మనిషి. ఇలాంటి సినిమా తనవల్ల ఎప్పటికీ అయ్యేది కాదు. ఇది రేపల్లెలో, తన కళ్ళెదుట, తన ఈడు ఆడది తీసిందంటే ఇంకా కష్టంగా ఉంది. అమెరికా ఆవిడ అయితే దూరం కాబట్టి కొంత సర్దుకోవచ్చు. ఆట అయ్యాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అందరికన్నా ఆలస్యంగా, మర్యాద కోసం, రత్నావళి కూడా కొట్టింది.

గేటు దగ్గర ఒక అమ్మాయి కాగితాలు పంచుతోంది. ముప్పై ఏళ్ళుంటాయి, ఆసుపత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టు నర్సు చీరలో ఉంది, భుజాన బరువైన సంచి. జనం కాగితం తీసుకుని, చూడకుండా మడతపెట్టి విసురుకుంటూ వెళుతున్నారు. రత్నావళి రోజూ ఫారాలకి ఫొటోలు తీసే మనిషి కాబట్టి కాగితాన్ని అలవాటుగా చదివింది. ఆ అమ్మాయే తీసిన నేరపరిశోధన చిత్రమట, పేరు ‘రొయ్యల చెరువు కాపలాదారు’. సాయంత్రం ఆరుకి లైబ్రరీ హాల్లో ఆట, టికెట్ లేదు, అందరూ రావచ్చు.

“ఇది పోయిందా?” అని అడిగింది రత్నావళి.

“లేదండీ, ఉంది. ఈ సంచిలోనే ఉంది.” ఆ అమ్మాయి సంచి మీద చెయ్యి వేసి చూపించింది. “లైబ్రరీ దగ్గరేనండి, నడిచి అయిదు నిమిషాలు. ఇంతవరకూ నలుగురొస్తామన్నారు. మీరొస్తే అయిదుగురు.”

“నువ్వు కూడా ఉంటావా?”

“ఉంటానండి. అయ్యాక మాట్లాడుకోవచ్చు. బాలేకపోతే బాలేదని చెప్పొచ్చు.”

రత్నావళి ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. కొంచెం గడ్డం ఎత్తితే మంచి ఫొటో వస్తుంది. టైము అయిదున్నర అయింది. టాకీస్ ముందు ఫస్ట్ షోకి అప్పుడే లైను కడుతున్నారు, చూస్తుండగానే సోడాబండి దాటిపోయింది.

“ఉన్నదే కదమ్మా, ఎప్పుడైనా చూడొచ్చు,” అని ఆవిడ మంచిగానే చెప్పి, లైను ఇంకా పెరగకముందే వెళ్ళి చివర నిలబడింది.